మేటర్‌కి కూడా డబ్బులా?

ప్రకటనలకి మాటలు రాసే కాపీరైటింగ్‌లోకి కొత్తగా వచ్చి, ఉద్యోగం కాకుండా సొంతంగా పని చేసుకుందామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "మిగతావాళ్లు ఎంత తీసుకుంటున్నారక్కా?" ఆ అంకె తెలిస్తే దానికి పదో ఇరవయ్యో శాతం తగ్గించి చెప్పి పని తెచ్చుకోవచ్చని వాళ్ల ఆలోచన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తెలుగులో ప్రకటనలు రాసి బతకాలనుకునేవాళ్లని ఈ ఆలోచన దారి తప్పిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. మన క్లయింటు మనల్ని ఇంకో కాపీరైటర్‌తో పోల్చి చూసేది చాలా అరుదు. ఆయన పోల్చేది అసలు డబ్బే అడగనివాళ్లతో.

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, రాజమండ్రి మెయిన్ రోడ్డులోనో, కూకట్‌పల్లిలోనో ఉన్న ఒక బట్టల షాపు ఓనరు గారిని తీసుకుందాం. ఆషాఢం సేల్ వస్తోంది. ఒక పాంప్లెట్, రెండు హోర్డింగులు, ఒక రేడియో స్పాట్ కావాలి. ఆయనకి మేటర్, అంటే ప్రకటనలో ఉండే మాటలు, రాసిపెట్టడానికి మనుషులు ఇప్పటికే ఉన్నారు. ఫ్లెక్స్ షాపులో డీటీపీ చేసే కుర్రాడున్నాడు. అక్కడ ఫ్లెక్స్‌కి చదరపు అడుగు లెక్కన రేటు, డిజైనూ మేటరూ అందులోనే కలిసిపోతాయి. పేపర్లో యాడ్ ఇస్తే పేపరు తరఫున వచ్చే యాడ్ ఎగ్జిక్యూటివే కూర్చుని నాలుగు లైన్లు రాసిస్తాడు. ఎఫ్ఎంలో టైము కొంటే చాలాసార్లు స్క్రిప్టు స్టేషన్ వాళ్లే రాయించి పెడతారు. ఇవేవీ కాకపోతే, తెలుగు బాగా వచ్చిన బావమరిది ఇంట్లోనే ఉంటాడు. 2022 నవంబర్ తర్వాత వీళ్లకి చాట్‌జీపీటీ తోడైంది.

ఇంతమంది మధ్యలోకి మనం వెళ్లి "పది వేలండీ" అంటే ఆయన నోట వచ్చే మొదటి మాట: "మేటర్‌కి కూడా డబ్బులా?"

ఈ మాటకి మనసు కష్టపెట్టుకునే కొత్తవాళ్లని చాలామందిని చూశాను. నిజానికి అది అవమానం కాదు, పిసినారితనం అంతకన్నా కాదు. మన దగ్గర ప్రకటనల వ్యాపారం పెరిగిన తీరే అలాంటిది. పత్రికల్లో ప్రకటనలు వేయించే ఏజెన్సీకి సొమ్ము చాలాకాలం పత్రిక దగ్గర్నుంచే వచ్చేది. ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ గుర్తింపు ఉన్న ఏజెన్సీకి పత్రికలు 15 శాతం కమిషన్ వదులుకోవడం ఆనవాయితీ. లక్ష రూపాయల స్పేస్ బుక్ చేస్తే ఏజెన్సీ క్లయింటు దగ్గర లక్షా తీసుకుని, పత్రికకి 85 వేలు కట్టేది. మిగిలిన 15 వేలల్లోనే కాపీరైటర్ జీతం, ఆర్టిస్టు జీతం, ఆఫీసు అద్దె, క్లయింటుకి తాగించిన కాఫీలు, అన్నీ. క్లయింటు చేతికొచ్చే బిల్లులో స్పేస్ ఉండేది, సైజు ఉండేది, ఎడిషన్ ఉండేది. రాత అనే లైను మాత్రం ఉండేది కాదు. అంటే షాపు వాళ్లు రాతకి తరాలుగా డబ్బు కడుతూనే ఉన్నారు, కడుతున్నట్టు వాళ్లకి తెలియలేదంతే.

ఇప్పుడు ఆ ఏర్పాటు చాలా చోట్ల చెదిరిపోయింది. ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ పెట్టే షాపు నేరుగా కార్డు గీకి కట్టేస్తోంది. మధ్యలో 15 శాతం ఎవరికీ మిగలదు. కాబట్టి రాతకి విడిగా బిల్లు వేస్తున్న మొదటి మనిషి మనమే. వాళ్లు ఆశ్చర్యపోక ఏం చేస్తారు?

ఈ సంగతి అర్థమైతే రేటు తగ్గించడం ఎందుకు పనిచేయదో కూడా అర్థమవుతుంది. పది వేలు చెప్పినా, ఆరు వేలు చెప్పినా, రెండు వేలు చెప్పినా ఆయన మనసులో ఉన్న అంకె సున్నా. ఆ సున్నా పక్కన పెడితే రెండు వేలు కూడా ఎక్కువే. ఇంకో కాపీరైటర్ కన్నా తక్కువ చెప్పామన్నది ఆయనకి లెక్కలోకే రాదు, ఆ ఇంకో కాపీరైటర్ ఎవరో ఆయనకి తెలియదు కనుక. పైగా రెండు వేలకి ఒప్పుకున్న మనిషిని బావమరిదికి ఎక్కువ, ఏజెన్సీకి తక్కువ అన్నట్టు చూస్తారు. ఆ చూపు ఒకసారి పడిందంటే కరెక్షన్ల రూపంలో దాని ఫలితం తెలుస్తుంది.

మరి ఆ ఉచితం మీద గెలిచేదెలా? ఉచితంగా వచ్చే మేటర్ ఎలా ఉంటుందో ఓసారి చూడండి. "ఆషాఢం బంపర్ ఆఫర్! కనీవినీ ఎరుగని తగ్గింపు! త్వరపడండి!" దీంట్లో తప్పేమీ లేదు. కాకపోతే పక్క షాపు పేరు పెట్టినా ఇదే సరిపోతుంది, ఎదురు షాపు పేరు పెట్టినా ఇదే సరిపోతుంది. ఇప్పుడు ఒక పూట ఆ షాపులో, చీరల కౌంటర్ పక్కన కూర్చోండి. మేనేజరు దగ్గర కాదు, చీరలు విప్పి చూపించే అమ్మాయిల దగ్గర. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. అయినా పెళ్లి చీరలు అడిగేవాళ్లు వస్తుంటారు. ఎందుకమ్మా ఇప్పుడే అంటే, శ్రావణం వస్తే టైలర్లు బ్లౌజులు తీసుకోరండీ, ఇప్పుడిస్తేనే టైముకి కుట్టిస్తారు అంటారు. అయిపోయింది, మన మేటర్ దొరికింది. "చీర ఇప్పుడే కొనండి. శ్రావణంలో టైలర్ దొరకడు." డిస్కౌంట్ గురించి ఇంకేం చెప్పినా ఈ లైను కిందే చెప్పొచ్చు. డీటీపీ కుర్రాడికి ఈ లైను రాదని కాదు. ఆ పూట అక్కడ కూర్చోవడానికి అతనికి ఎవరూ డబ్బివ్వరు. చాట్‌జీపీటీకి కూర్చునే వీలే లేదు.

మనం అమ్ముతున్నది ఆ పూట. కాబట్టి ధర కూడా ఆ పూటకే కట్టాలి తప్ప మాటలకి కాదు.

మాటకింత అనే పద్ధతి మన రంగంలో చేసిన చేటు ఇంకేదీ చేయలేదు. ఆన్‌లైన్ కంటెంట్ పనుల్లో మాటకి ముప్ఫై పైసలు, యాభై పైసలు ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. యాభై పైసల లెక్కన వెయ్యి మాటల వ్యాసానికి 500 రూపాయలు. పైన చెప్పిన టైలర్ లైనుకి మూడు రూపాయలు. తెలుగులో రాసేవాళ్లకి ఇంకో దెబ్బ కూడా ఉంది. మన భాషలో విభక్తులూ క్రియలూ అతుక్కుపోతాయి. ఇంగ్లిష్‌లో ఏడెనిమిది మాటలయ్యేది "చేయించుకోలేకపోయినవాళ్లకి" అని ఒక్కటే మాటైపోతుంది. అదే బ్రోచర్ ఇంగ్లిష్‌లో రాసినవాడికి ఎక్కువ మాటలు, తెలుగులో రాసినవాడికి తక్కువ మాటలు, శ్రమ మాత్రం ఇద్దరిదీ ఒకటే. మాట లెక్కన తప్ప ఇవ్వమనే క్లయింటు అయితే, తెలుగు మాట రేటు ఇంగ్లిష్ మాట రేటు కన్నా ఎక్కువ ఉండాల్సిందేనని చెప్పండి. ఒప్పుకోకపోతే మూల ఇంగ్లిష్ మాటల్ని లెక్కపెట్టమనండి. అనువాదాల్లో ఇది మామూలే.

ఇక అంకెల్లోకి వద్దాం. రెండు అంకెలు చేతిలో ఉండాలి: ఇంతకన్నా దిగకూడదు అనేది ఒకటి, ఇంతవరకు అడగొచ్చు అనేది ఇంకొకటి. మొదటిది మన జీవితంలోంచి వస్తుంది, రెండోది క్లయింటు ఖర్చులోంచి.

మొదటిదానికి ఒక లెక్క వేస్తాను. హైదరాబాద్‌లో స్నేహితురాళ్లతో కలిసి ఫ్లాట్‌లో ఉంటున్న ఒక అమ్మాయి. అద్దె, తిండి, ఫోను, మెట్రో, ఇంటికి పంపే డబ్బు కలిపి నెలకి 38 వేలు అనుకుందాం. ఉద్యోగంలో కంపెనీ పెట్టుకునే ఖర్చులు ఇప్పుడు ఆమెవే. ల్యాప్‌టాప్, నెట్, హెల్త్ ఇన్సూరెన్స్, పీఎఫ్‌కి బదులుగా ఎంతో కొంత పొదుపు, వీటన్నిటికీ ఇంకో 12 వేలు. మొత్తం 50 వేలు. దీన్ని ముప్ఫైతో భాగించేసి రోజుకి పదిహేడు వందలు చాలనుకుంటారు చాలామంది. ఆదివారాలూ పండగలూ పోగా నెలకి 24 రోజులు మిగిలితే, అందులో సగం డబ్బు రాని పనికే పోతాయి. క్లయింట్లని కలవాలి, కొటేషన్లు పంపాలి, "సార్ ఊళ్లో లేరు" అనిపించుకోవాలి, పాత పేమెంట్ కోసం నాలుగుసార్లు ఫోన్ చేయాలి. బిల్లు వేయగలిగే రోజులు 12 వస్తే అది మంచి నెల. 50 వేలని 12తో భాగిస్తే రోజుకి దాదాపు 4,200. మాటకి యాభై పైసల చొప్పున ఈ 4,200 రావాలంటే రోజుకి 8,400 మాటలు రాయాలి. రాసి చూడండి.

ఈ 4,200 క్లయింటుకి చెప్పే అంకె కాదు. చెబితే "రోజుకి అంతా? మా మేనేజరుకే అంత లేదు" అంటారు, అక్కడితో సంభాషణ ముగుస్తుంది. అది మన డైరీలో ఉండాలి. ఆషాఢం పనికి షాపులో ఒక పూట, రాయడానికి ఒక రోజు, కరెక్షన్లకీ ప్రూఫుకీ ఒక పూట అనుకుంటే రెండు రోజులు, 8,400. అంతకన్నా తక్కువకి చేస్తే ఆ షాపుకి మనం మన ఇంటి అద్దెలోంచి డిస్కౌంట్ ఇస్తున్నట్టు.

రెండో అంకెకి పాత ఏజెన్సీ కమిషనే కొలబద్ద. క్లయింటుని మొదటి పది నిమిషాల్లోనే అడగండి: "ఈ సేల్‌కి మొత్తం పబ్లిసిటీ మీద ఎంత పెడుతున్నారండీ?" ఊళ్లో మంచి సెంటర్లో హోర్డింగు అద్దె, ఎఫ్ఎం స్పాట్లు, పాంప్లెట్ల ప్రింటింగూ పంపకం కలిపి రెండు లక్షలు అన్నారనుకోండి. పాత రోజుల్లో అందులో 15 శాతం, అంటే 30 వేలు, రాతా బొమ్మా చేసేవాళ్లకీ ఆ ఆఫీసుకీ వెళ్లేది. ఆఫీసు లేని, బొమ్మ వేయని, ఒంటరి కొత్త మనిషి అందులో మూడో వంతు అడిగితే 10 వేలు. మొత్తం ఖర్చులో 5 శాతం. ఇప్పుడు పది వేలు అనే అంకె సున్నా పక్కన కాకుండా రెండు లక్షల పక్కన నిలబడింది. నా దృష్టిలో పోటీ రేటు అంటే ఇదే. షాపు వాళ్లకి ఈ లెక్క చెబితే వెంటనే అర్థమవుతుంది, వాళ్లు రోజూ శాతాలతోనే బతుకుతారు కాబట్టి.

ఇలా లెక్క వేస్తే కొన్నిసార్లు రెండో అంకె మొదటిదానికన్నా కిందికి పోతుంది. మన వీధిలో కర్రీ పాయింట్ పెట్టిన అక్క ప్రచారానికి మొత్తం పెట్టగలిగింది మూడు వేలు. అందులో 5 శాతం 150 రూపాయలు. ఇక్కడ రేటు తగ్గించడం కాదు చేయాల్సింది. అయితే వద్దనాలి, లేదా ఊరికే చేసిపెట్టాలి.

దీనిమీదే నాకు బాగా వాదన పెట్టుకునేవాళ్లున్నారు. "కొత్తవాళ్లం, శాంపిల్స్ లేవు, తక్కువకి చేయకపోతే పని ఎవరిస్తారు?" అంటారు. శాంపిల్స్ కావాలన్న మాట నిజమే. అవి తక్కువ రేటు పనుల్లోంచే రావాలన్నది మాత్రం నిజం కాదు. కర్రీ పాయింట్ అక్కకి మెనూ బోర్డు ఊరికే రాసిపెట్టండి. గుత్తి వంకాయ ఏ రోజు, పప్పుచారు ఎన్నింటికి అయిపోతుంది, ఉప్పూ కారం తక్కువ వేసిన కూర పెద్దవాళ్ల కోసం విడిగా ఉంటుందన్న సంగతి బోర్డు మీద ఎక్కడ రాయాలి, ఇదంతా అసలు సిసలు కాపీరైటింగ్. ఫొటో తీసి పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోండి. అదే పనిని 500కి చేస్తే ఆ అక్క పక్క షాపాయనకి ఏం చెబుతుంది? "మంచమ్మాయి, ఐదొందలకి రాసిపెట్టింది" అంటుంది. ఆ రోజు నుంచి ఆ వీధిలో మన ధర ఐదొందలు. ఊరికే చేసిన పని సాయం కింద లెక్క, దానికి ధర అంటుకోదు. తక్కువకి చేసిన పనికి మాత్రం అది అంటుకుపోతుంది.

ఊరికే చేయడానికి ఒకటే షరతు: ఎవరికి చేయాలో మనమే ఎంచుకోవాలి. మూడు బ్రాంచీలున్న సంస్థ "టెస్ట్ కింద ఒక క్యాంపెయిన్ రాసి పంపండి, నచ్చితే చూద్దాం" అంటే అది వేరే కథ. పాత శాంపిల్స్ చూపించి, టెస్టుకి కూడా ఒక పూట బిల్లు ఉంటుందని మర్యాదగా చెప్పొచ్చు. అలా చెప్పగానే చాలామంది మాయమవుతారు. మాయమవడమే మంచిది.

డబ్బున్న క్లయింటు బేరమాడితే ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. బేరం మన రక్తంలో ఉంది. బేరమాడకుండా కొంటే మోసపోయామనుకుంటాం. కాబట్టి క్లయింటు బేరమాడతారు, ఆడనివ్వండి. నేను పాటించేది ఒకటే: రేటు జోలికి పోను, పని తగ్గిస్తాను. సంభాషణ ఇంచుమించు ఇలా నడుస్తుంది.

"నాలుగు లైన్లే కదమ్మా. పది వేలేంటి? నాలుగు వేలు చేసుకోండి."

"అలాగేనండీ, నాలుగు వేలకి రేడియో స్పాట్ ఒక్కటీ రాసిస్తాను. ముప్ఫై సెకన్లది. పాంప్లెట్టూ హోర్డింగూ మీ ఫ్లెక్స్ షాపులో రాయించుకోండి."

"మరి హోర్డింగు మీద ఈ లైను వాడుకోవచ్చా?"

"అది హోర్డింగు రేటండీ."

ఇక్కడ ఆయన నవ్వితే పని కుదిరినట్టే. నవ్వకపోయినా నష్టం లేదు. ఆ లైనుకి ధర ఉందన్న సంగతి ఆయనే ఒప్పుకున్నారు, వాడుకోవచ్చా అని అడిగారు కాబట్టి. పది వేల పనిని నాలుగు వేలకి చేసి ఉంటే, ముందు చెప్పిన పదీ అబద్ధమని మనమే ఒప్పుకున్నట్టయ్యేది. వచ్చే దసరాకి ఆయన బేరం నాలుగు దగ్గర మొదలయ్యేది.

వాడుకోవచ్చా అన్న ప్రశ్నకి చట్టంలో కూడా చోటుంది. ఉద్యోగి కాని రచయిత రాసినదానికి, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కుదారు రచయితే. రాతపూర్వకంగా, సంతకంతో బదలాయిస్తేనే అది క్లయింటుకి వెళ్తుంది. ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే దేశమంతా అని చట్టమే అనుకుంటుంది. బ్రోచర్లకీ వెబ్‌సైట్ మేటర్‌కీ ఇది బాగా పనికొస్తుంది. ట్యాగ్‌లైన్లకి మాత్రం దీన్ని నమ్ముకోకండి. నాలుగైదు మాటల నినాదానికి కాపీరైట్ నిలబడడం కష్టం, క్లయింటు దాన్ని ట్రేడ్‌మార్కు చేయించుకుంటారు. కనుక ట్యాగ్‌లైన్‌కి రావాల్సిందంతా మొదటి బిల్లులోనే రావాలి.

కొటేషన్లో కొత్తవాళ్లు వదిలేసే పనులు కొన్నుంటాయి. అన్నిటికన్నా పెద్దది ప్రూఫు. మనం యూనికోడ్‌లో శుభ్రంగా టైపు చేసి పంపుతాం. ప్రెస్సులో దాన్ని యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మార్చుకుంటారు. మార్చేటప్పుడు ఎక్కడో ఒక ఒత్తు ఎగిరిపోతుంది, ఒక క్రావడి పక్క అక్షరం కిందికి చేరుతుంది. డిజైనర్‌కి తెలుగు చదవడం రాకపోతే లైను మధ్యలో మాట విరిగి "పెళ్లి చీ" పైన, "రలు" కింద పడతాయి. ముప్ఫై అడుగుల హోర్డింగు మీద అది ఎక్కాక ఫోన్ వచ్చేది మనకే. అందుకని ఫైనల్ లేఅవుట్ చూసి ఓకే చెప్పడాన్ని నేను కొటేషన్లో విడి లైనుగా రాస్తాను. వద్దంటే కొట్టేయొచ్చు, కొట్టేస్తే తప్పులకి బాధ్యత వాళ్లది. ఆ లైను కొట్టేసినవాళ్లు తక్కువ.

రెండోది కరెక్షన్లు. రెండు రౌండ్లు రేటులోనే, మూడో రౌండు నుంచి విడిగా అని రాయండి. ఆ కరెక్షన్లన్నీ ఒక్కరి దగ్గర్నుంచే రావాలని కూడా రాయండి. మన దగ్గర మేటర్ ఓకే చేసేది ఓనరు ఒక్కరే కాదు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడతారు. అమెరికాలో ఉన్న అబ్బాయికి "ఎక్స్‌క్లూజివ్" అనే మాట కావాలి, పెద్దాయనకి ప్రాస కావాలి, వాస్తు చూసే ఆయనకి మొదటి అక్షరం మారాలి. వీళ్లందరినీ సముదాయించే పనికి మన దగ్గర రేటు లేదు, ఉండకూడదు కూడా.

ఇంకొన్ని పనుల్లో రాత కన్నా సరిచూసుకోవడానికే ఎక్కువ టైము పడుతుంది, రేటు అక్కడ పెరగాలి. రియల్ ఎస్టేట్ బ్రోచర్ తీసుకోండి. 2016 రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద, రిజిస్టర్ కావాల్సిన ప్రాజెక్టుకి రిజిస్ట్రేషన్ కాకుండా ప్రకటనే ఇవ్వకూడదు. ఇస్తే అందులో రిజిస్ట్రేషన్ నంబరూ రెరా అథారిటీ వెబ్‌సైట్ అడ్రసూ ఉండాలి. ప్రకటనలోని అబద్ధాన్ని నమ్మి కొన్నవాళ్లు నష్టపోతే బిల్డరు పరిహారం కట్టాలి. అయినా రిజిస్ట్రేషన్ కాకముందే "ప్రీ లాంచ్ ఆఫర్ అని వేయండమ్మా, అందరూ వేస్తున్నారు" అనేవాళ్లు తగులుతూనే ఉంటారు. "ఎయిర్‌పోర్టుకి 20 నిమిషాలు" అని రాయమంటే ఏ టైములో అని అడగాల్సింది మనమే. కోచింగ్ సెంటర్ల ప్రకటనలకి కూడా 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. ర్యాంకు వచ్చిన పిల్లవాడి ఫొటో వేయాలంటే అతని అనుమతి ఉండాలి, ఏ కోర్సు చదివాడో చెప్పాలి. ఇక షుగరు పూర్తిగా తగ్గిస్తామనే చూర్ణాల సంగతి సరేసరి. అలాంటి ప్రకటన ప్రచురణలో ఎవరూ ఏ రకంగానూ పాలుపంచుకోకూడదని 1954 నాటి చట్టమే ఉంది, దానికి రేటు చెప్పే పనే లేదు. మిగతావాటికి మాత్రం, ఈ సరిచూసే పని బావమరిది చేయడు, చాట్‌జీపీటీ చేసినట్టు నటిస్తుంది. కొటేషన్లో అది కనిపించేలా పెట్టండి.

అమెరికా గురువుల వీడియోలు చూసి "మన రాత వల్ల క్లయింటుకి వచ్చిన లాభంలో వాటా అడగాలి" అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆన్‌లైన్‌లోనే అమ్మే కంపెనీకి, ఏ యాడ్ వల్ల ఎన్ని ఆర్డర్లు వచ్చాయో తెలిసే చోట అది కుదరొచ్చు. ఆషాఢంలో చీరల షాపుకి వచ్చిన జనంలో ఎంతమంది రేడియో విని వచ్చారో, ఎంతమంది వానకి తలదాచుకోవడానికి వచ్చారో ఎవరు చెప్పగలరు? కొత్తవాళ్లు ఆ దారి పట్టొద్దు. విదేశీ క్లయింట్ల కోసం ఫైవర్ అనే ఫ్రీలాన్స్ వెబ్‌సైట్‌కి వెళ్తే మాత్రం వాళ్లు 20 శాతం కోసుకుంటారని గుర్తుపెట్టుకుని రేటు పెట్టండి.

ఏజెన్సీలు బయటికిచ్చే పని వేరే రకం. అక్కడ రేటు తక్కువే ఉంటుంది, నేను తప్పు పట్టను. క్లయింటుని కలవడం, వాట్సాప్ గ్రూపుని భరించడం ఏజెన్సీ చూసుకుంటుంది, మనకి ఆ సగం రోజులు మిగులుతాయి. అక్కడ తలనొప్పి రేటు కాదు, పేమెంటు. మూడు నెలలకి వచ్చే పది వేలు, వెంటనే వచ్చే ఎనిమిది వేలకన్నా చిన్నది. అందుకే రేటూ గడువూ ఒకే వాక్యంలో మాట్లాడాలి. కొత్త క్లయింటు ఎవరైనా సగం అడ్వాన్సు, ఏజెన్సీ అయితే రాతపూర్వకంగా గడువు. చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్లో రిజిస్టర్ చేసుకోండి, పైసా ఖర్చు లేదు, ఒంటరిగా సేవలందించే మనిషి కూడా చేసుకోవచ్చు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకి ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. వడ్డీ అడిగి క్లయింటుతో గొడవ పెట్టుకునే ధైర్యం మనలో ఎవరికుంటుంది లెండి. కానీ 2024 ఏప్రిల్ నుంచి ఇంకో నిబంధన వచ్చింది. గడువు దాటిన బాకీని, నిజంగా కట్టిన ఏడాదిలో తప్ప, క్లయింటు తన పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోలేరు. అందుకే బిల్లు మీద ఉద్యమ్ నంబరు స్పష్టంగా వేయండి. ఓనరు గారు చూడకపోయినా వాళ్ల ఆడిటర్ చూస్తాడు, మార్చిలో ఆయనే మన తరఫున ఫోన్ చేస్తాడు.

పన్నుల సంగతి క్లుప్తంగా. కంపెనీలు ప్రొఫెషనల్ ఫీజులో 10 శాతం టీడీఎస్, అంటే మన పేరు మీద ముందే కట్టేసే ఆదాయ పన్ను, కోసుకుంటాయి. 2025 ఏప్రిల్ నుంచి ఒక్కో క్లయింటు దగ్గర ఏడాదికి 50 వేలు దాటితేనే. అది రిటర్ను వేశాక లెక్కలోకి వచ్చే మన డబ్బే, కానీ ఈలోపు చేతిలో ఉండదు, 60 వేల బిల్లుకి 54 వేలే వస్తాయి. అద్దె కట్టాల్సిన నెలలో ఈ తేడా టెన్షన్ పెడుతుంది. జీఎస్టీ మామూలుగా ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మన జోలికి రాదు. దాటాక 18 శాతం. కొటేషన్లో "జీఎస్టీ అదనం" అనే ముక్క లేకపోతే అది మన జేబులోంచే పోతుంది.

రేటు పెంచడం గురించి కొత్తవాళ్లెవరూ అడగరు కానీ, మొదటి ఏడాది తిరిగేసరికి అదే పెద్ద మొహమాటం. పాత క్లయింటుకి ఫోన్ చేసి చెప్పడం నా వల్ల కాదు, మెసేజ్ పెడతాను. "నమస్కారమండీ. ఏప్రిల్ ఒకటి నుంచి నా రేట్లు మారుతున్నాయి. రేడియో స్పాట్ 5,000, పాంప్లెట్ 4,500. ఇప్పటికే ఒప్పుకున్న పనులకి పాత రేటే." ఇంతే. ఖర్చులు పెరిగాయి, అద్దె పెరిగింది అని కారణాలు రాస్తే ఒక్కో కారణం మీదా బేరం మొదలవుతుంది. మెసేజ్ మార్చి మొదటి వారంలోనే వెళ్లిపోవాలి. ఏప్రిల్ దాకా ఆగితే వాళ్లు ఆ ఏడాది పబ్లిసిటీ బడ్జెట్ రాసేసుకుని ఉంటారు, అందులో మన పేరు పక్కన పాత అంకే ఉంటుంది.